అనుమతి లేకుండా పెరిగిన రాళ్ళమ్మ

అయ్యా దర్శనీయ స్థలాల పరిరక్షణాభివృద్ధి మండలి వారూ, ఓబులమ్మ మేకల నోటి దగ్గర నీళ్ళు లాక్కున్నది మీరే. ఎండ కాదు, కరువు కాదు, దేవుడు కాదు. మీరే. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, గుండ్రం ముద్ర కొట్టి, కుర్చీ మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని మరీ లాక్కున్నారు. ఏం జరిగిందో వరసగా రాస్తాను. ఇందులో ఒక్క మాట అబద్ధమైతే చూపించండి, కొట్టేస్తాను.

మాది పులిమడుగుపల్లె. నల్లమల అంచున, బస్సు ఇక ముందుకు పోలేక వెనక్కి తిరిగే చోట ఉంటుంది. ఊరి వెనక కొండ. కొండ మీద పాలెగాడు కట్టించిన బురుజు ఉంది, సగం కూలింది. దాని కింద జింకల గవి. ఆ గుహ గోడ మీద ఎప్పటివాళ్ళో ఎర్రమట్టితో జింకల్ని గీశారు, జింకల వెంట పడే మనుషుల్ని గీశారు. ఆ మనుషులకు ఇంతవరకూ ఒక్క జింకా దొరకలేదు. కొండకు అవతలి వైపు గంగదోన. నల్లబండలో దానంతట అదే ఏర్పడిన తొట్టి. రోహిణీ కార్తెలో ఊళ్ళో బోర్లన్నీ దుమ్ము కక్కుతున్నా ఆ దోనలో మోకాలి లోతు నీళ్ళుంటాయి. ఇవన్నీ చూడదగినవని మాకెవరూ చెప్పలేదు. చెప్పకపోయినా చూస్తూనే ఉన్నాం.

ఊరికీ దోనకీ మధ్య ఒక కనుమ ఉంది. అటూ ఇటూ నిట్టనిలువు బండ, మధ్యలో పదిహేను గజాల సందు. ఆ సందులో, పై ఎత్తున, ఒక పక్కగా రాళ్ళమ్మ ఉంటుంది. గుడి లేదు, విగ్రహం లేదు, పూజారి లేడు. ఉత్త రాళ్ళ కుప్ప. కనుమ ఎక్కేవాడు కింద ఒక రాయి ఏరుకుంటాడు. పైకి వచ్చాక ఆ కుప్ప మీద వేసి, "రాళ్ళమ్మా, నా కాళ్ళనొప్పి నువ్వు తీసుకో" అని దిగిపోతాడు. ఆ దేవతకు అదొక్కటే ఉద్యోగం. జీతం అడగదు, సెలవు పెట్టదు.

ఓబులమ్మకు అరవై దాటాయి. ముప్పై ఒక్క మేకలున్నాయి. రోజూ పొద్దున్నే మేకల్ని కనుమ దాటిస్తుంది, దోనలో నీళ్ళు తాపుతుంది, అక్కడే మేపి పొద్దుగూకే వేళకు తిరిగి తోలుకొస్తుంది. కనుమ మీదుగా అయితే దోనకు రెండు కిలోమీటర్లు. రోడ్డున కొండ చుట్టూ తిరిగి పోతే పదకొండు. మీ ఫైళ్ళలో సవాలక్ష అంకెలున్నాయి, ఈ రెండూ మాత్రం ఎక్కడా లేవు.

జిల్లాకు ఒక దర్శనీయాధికారి ఉంటాడని మాకు పోయిన ఏడాదే తెలిసింది. ఆయన పేరు చక్రపాణి గారు. జీపులో వచ్చారు. చరిత్రా ప్రకృతీ దండిగా ఉన్న పల్లెల్ని గుర్తించి జాబితాలో చేరుస్తారట. అయితే ఒక ఊరు జాబితాకెక్కాలంటే ఎనిమిది దర్శనీయ స్థలాలు ఉండి తీరాలట. బురుజు, గవి, దోన, వీరగల్లు, ఆంజనేయుడి బండ, మెట్లబావి, గబ్బిలాల సొరంగం. ఏడు వచ్చాయి. ఎనిమిదో దాని కోసం వెతికి వెతికి చక్రపాణి గారు కనుమ ఎక్కి, ఆయాసపడుతూ ఒక గుండు మీద కూలబడ్డారు. ఎదురుగా రాళ్ళ కుప్ప కనబడింది.

"ఇదేమిటి?" అన్నారు.

"రాళ్ళమ్మ సార్," అన్నాడు దారి చూపించడానికి వెంట వెళ్ళిన సుంకన్న తాత.

"ఎప్పటిది?"

"మా తాతల నాటిది."

"మీ తాతగారు ఎప్పటిదనేవారు?"

"ఆయప్ప గూడ తాతల నాటిదే అంటాండె."

చక్రపాణి గారి ఫారంలో 'స్మారకము యొక్క వయస్సు, సంవత్సరములలో' అని రాసి దాని పక్కన నాలుగు గళ్ళున్నాయి. కింద 'గళ్ళు ఖాళీగా ఉంచరాదు' అని ఉంది. ఆయన కాసేపు కొండకేసి చూసి, నాలుగు గళ్ళలో నాలుగు తొమ్మిదులు వేశారు.

సుంకన్న తాత కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "తొమ్మిది వేల తొమ్మిదినూర్ల తొంభై తొమ్మిదేండ్లా సార్? మరి వచ్చే ఉగాదికి?"

"వచ్చే ఉగాదిలోగా ఇంకొక గడి మంజూరు చేయవలసిందిగా ప్రతిపాదన పంపుతాం," అన్నారు చక్రపాణి గారు. లేచి, మోకాళ్ళు పట్టుకుని, అటూ ఇటూ చూసి, ఒక చిన్న రాయి తీసి కుప్ప మీద వేశారు. అధికారి మోకాళ్ళు కూడా మోకాళ్ళే కదా. మేము తప్పు పట్టలేదు.

రెండు నెలలకు ముళ్ళతీగ వచ్చింది, బోర్డు వచ్చింది. బోర్డు మీద రాసింది ఇది: 'ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయడమేమనగా, ఈ ప్రాచీన స్మారకమునకు ఒక్క రాయి అయినను చేర్చుట గాని, తొలగించుట గాని, దీని చుట్టూ యాభై మీటర్ల పరిధిలో మనుష్యులు, పశువులు, పక్షులు సంచరించుట గాని నిషేధించడమైనది. సందర్శకులకు సుస్వాగతం.'

కనుమ వెడల్పు పదిహేను గజాలు. చుట్టూ యాభై మీటర్లంటే అటు బండ, ఇటు బండ, మధ్యలో ఉన్న దారి అన్నీ అందులోకే వచ్చాయి. ఆ బండ నుంచి ఈ బండ దాకా తీగ లాగి ఒక గేటు పెట్టారు. గేటుకు తాళం, తాళానికి కాపలా. కాపలాకు మా ఊరి మద్దిలేటినే తీసుకున్నారు. నలభై ఏళ్ళవాడు, మంచివాడు. ఖాకీ చొక్కా వేసుకున్న రోజు నుంచి తన ఇంటి గుమ్మం దగ్గర కూడా ఆగి అనుమతి అడగడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున ఓబులమ్మ మేకలతో గేటు దగ్గరికి వచ్చింది.

"తలుపు తియ్ రా మద్దిలేటీ, నోర్లెండి సస్తాండాయి."

"తియ్యగూడదత్తా. స్మారకం."

"యాడిదిరా స్మారకం? మీయమ్మ నిన్ను సంకనేసుకొని వొచ్చి దాని మీద రాయేసింది. నీ సేత గూడ ఏపిచ్చింది."

"అప్పుడు స్మారకం గాదత్తా. మొన్న బేస్తవారం నుంచి అయింది."

"అయితే అయిందిలే. నేను గూడ రానులే. నా మేకలు పోనీ."

"పశువులు గూడ పోగూడదని రాసినారు."

"మేక పశువెట్లయితాది? పశువంటే ఎద్దు, ఆవు, బర్రె. మేక మేక. నీకు పేరు పెట్టిన దినమే గదా మీ నాయన నాకు అల్లునివైతావని సెప్పింది. మేకకు, బర్రెకు తేడా నేర్పలేదా?"

మద్దిలేటి బోర్డు దగ్గరికి పోయి వేలు పెట్టి చదివాడు. మనుషులున్నారు, పశువులున్నాయి, పక్షులున్నాయి. మేకలు నిజంగానే లేవు. వాడికి ధర్మసంకటం వచ్చి పడింది. జిల్లా ఆఫీసుకు ఫోను చేశాడు. సాయంత్రానికల్లా బొమ్మలేసే మనిషి ఒకడు బ్రష్షు, డబ్బా పట్టుకుని వచ్చి, 'పశువులు' అన్నదాని మీద 'మేకలతో సహా' అని సన్నగా రాసి పోయాడు. మా ఊరికి రోడ్డు అడిగితే పందొమ్మిదేళ్ళు పట్టింది. ఈ రెండు మాటలకు ఆరు గంటలు పట్టింది.

"నువ్వు అడక్కుంటే సరిపోయేది గదత్తా," అన్నాడు మద్దిలేటి.

"ఫోను చేసింది ఎవర్రా, నా మేకా?" అంది ఓబులమ్మ.

ఆ రోజు నుంచి మేకలు రోడ్డు పట్టాయి. పోను పదకొండు కిలోమీటర్లు, రాను పదకొండు. మిట్టమధ్యాహ్నం తారు కరిగే ఎండ. పొద్దున బయలుదేరి దోన చేరతాయి, కడుపు నిండా తాగుతాయి, ఇంటికొచ్చేసరికి మళ్ళీ నాలుకలు వేలాడేస్తాయి. మళ్ళీ నీళ్ళంటే మళ్ళీ పదకొండు. అందుకని రోజుకు రెండు తిరుగుళ్ళు. మేక బతికేది మేయడానికి. మా మేకలు నడవడానికి బతుకుతున్నాయి. ఓబులమ్మ మడమలు పగిలి బీటలు వారాయి. ఆ కాళ్ళనొప్పి ఎక్కడ దించుకోవాలో అక్కడికే కదా తాళం వేసింది.

నెల తిరగ్గానే కొలతలాయన వచ్చాడు. మొదటిసారి కొలిచినప్పుడు రాళ్ళమ్మ ఎత్తు రెండు వందల పద్నాలుగు సెంటీమీటర్లు. ఇప్పుడు రెండు వందల పదిహేడు. ఆయన టేపు తిప్పి కొలిచాడు, మడిచి కొలిచాడు, వేరే టేపు తెప్పించి కొలిచాడు. పదిహేడే. వారానికల్లా మద్దిలేటికి మెమో వచ్చింది: 'మీ సంరక్షణలో ఉన్న స్మారకము ముందస్తు అనుమతి లేకుండా మూడు సెంటీమీటర్ల మేర పెరిగినందున, తగు చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'

చక్రపాణి గారే విచారణకు వచ్చారు. గేటు దగ్గర కుర్చీ వేశారు. ఊరంతా దూరంగా నిలబడ్డాం, సరిగ్గా యాభై ఒకటో మీటరు దగ్గర.

"ఎలా పెరిగింది?" అన్నారు.

"దినామ్మూ డూటీకి పైకొస్తాండ గద సార్," అన్నాడు మద్దిలేటి. "ఒట్టి సేతుల్తో ఎట్ల వొద్దును?"

"అంటే? కాపలావాడివి నువ్వే రాళ్ళు వేస్తున్నావా?"

"కాపలా కోసరమే ఏస్తాండ సార్. ఏయకపోతే కాళ్ళు పట్టుకుంటాయి. కాళ్ళు పట్టుకుంటే కాపలా ఎట్ల కాయల్ల?"

చక్రపాణి గారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా కాగితం వైపు చూశాడు.

"నువ్వు కాక ఇంకెవరెవరు వేశారు? దాచకుండా చెప్పు."

"మీ డ్రైవరన్న మూడు. కొలిచే సారు రెండు, పోతా ఒకటి, వొస్తా ఒకటి. బోర్డు రాసినాయన సేతిలో డబ్బా ఉండాదని ఒకటే ఏసినాడు." మద్దిలేటి గొంతు తగ్గించాడు. "మీరొకటి సార్. నున్నంది. మొదటి దినం."

యాభై ఒకటో మీటరు దగ్గర ఎవరో దగ్గారు. చక్రపాణి గారు చివరి వాక్యం రాయవద్దని గుమాస్తాకు చెప్పి, ఇలా రాయించారు: 'స్మారకము సహజ కారణముల చేత పెరిగినట్లు భావించుటకు అవకాశము కలదు.'

రాజధానిలోని మండలి ఈ మాట ఒప్పుకోలేదు. ప్రాచీన స్మారకం కూలవచ్చు, పగలవచ్చు, దొంగలెత్తుకుపోవచ్చు, వాటన్నిటికీ వేరువేరు ఫారాలున్నాయి. పెరగడానికి ఫారం లేదు. కాబట్టి పెరగరాదు. కొత్తగా పడిన రాళ్ళను గుర్తించి మూడు సెంటీమీటర్లు తగ్గించమన్నారు. ఏ రాయి కొత్తదో తేల్చడానికి రాళ్ళ శాస్త్రం చదివిన ఒక పెద్దాయన్ని పంపారు.

ఈ కథలో నిజం చెప్పిన ఉద్యోగి ఆయనొక్కడే. మా కొంప ముంచిందీ ఆయనే.

మద్దిలేటి ఆయన పని సులువు చేద్దామని కుప్ప మీద నుంచి ఒక రాయి తీసి చేతికిచ్చాడు. "ఇది నిన్న పొద్దున నేనే ఏసినా సార్. కొత్తదని రాసుకోండి."

పెద్దాయన భూతద్దం పెట్టి చూశాడు. "ఇది కొత్తది కాదు బాబూ. దీని వయసు నూట అరవై కోట్ల సంవత్సరాలు."

"నిన్న ఏసినా సార్!"

"ఎప్పుడు వేస్తే ఏం? రాయి నూట అరవై కోట్ల ఏళ్ళదే. ఈ కుప్పలో కొత్త రాయి లేదు. ఈ కొండ మీద లేదు. అసలు మీ ఊళ్ళోనే లేదు." ఇంత చెప్పి, కాగితం మీద అదే రాసి, ఆయన దోసకాయ ముక్క తిని బస్సెక్కాడు.

ఆ కాగితం మండలికి చేరింది. మండలి కూర్చుంది. తొమ్మిది వేల చిల్లర ఏళ్ళ దానికే ముళ్ళతీగ వేశామే, నూట అరవై కోట్ల ఏళ్ళ వాటిని గాలికి వదిలేశామా అని సభ్యులు సిగ్గుపడ్డారట. ఉత్తర్వు వచ్చింది: 'పులిమడుగుపల్లె గ్రామ పరిధిలో సదరు స్మారకము కన్నా ప్రాచీనమైన ప్రతి రాయియు స్మారకముగా పరిగణింపబడును. ప్రతి స్మారకమునకు సంఖ్య కేటాయింపబడును.'

తెల్లరంగు డబ్బాలతో పద్దెనిమిది మంది దిగారు. గోడలో రాయికి నంబరు. గడపకు నంబరు. రోటికి, పొత్రానికి, బట్టలుతికే బండకు నంబరు. చేలో నాగలికి తగిలిన రాయిని గట్టున వేయడం నేరం, కాబట్టి రైతు నాగలిని ఎత్తి, రాయిని దాటించి, మళ్ళీ దింపాలి. సుంకన్న తాత చెప్పులోకి గులకరాయి దూరింది. ఎక్కడ దూరిందో అక్కడికే పోయి, ఇద్దరు సాక్షుల ఎదుట, పంచనామా రాయించి తీయించుకోవాలన్నారు. ఎక్కడ దూరిందో ఆయనకు గుర్తు లేదు. ఇప్పటికీ కుంటుతూ దానితోనే తిరుగుతున్నాడు.

ఓబులమ్మ పొయ్యికి మూడు రాళ్ళు. వాటికి 4117, 4118, 4119 పడ్డాయి.

"ఇంగ వండుకోగూడదా నాయనా?" అంది.

"వండుకోవచ్చమ్మా," అన్నాడు రంగు డబ్బా మనిషి, ఉత్తర్వు తిరగేసి. "రాయి వేడెక్కకుండా వండుకోవాలి."

అన్నిటికన్నా అన్యాయం మిరపకాయల మిషను నడిపే హుసేన్ పీరాకు జరిగింది. పాపం, ఆయన మూత్రపిండంలో రాయి పడింది. నొప్పికి మెలికలు తిరుగుతున్నాడు. పట్నం ఆసుపత్రికి పోదామని బస్సు కోసం నిలబడితే మండలి మనిషి ఆపాడు. సదరు రాయి గ్రామ పరిధిలో ఏర్పడినందున, నంబరు లేకుండా ఊరు దాటించడానికి వీల్లేదన్నాడు.

"నూటరవై కోట్ల ఏండ్లది కాదు సార్ ఇది! పోయిన రంజాన్‌కు పడింది!" అని మొత్తుకున్నాడు హుసేన్ పీరా.

"అది తేల్చవలసింది మీరు కాదు. నిపుణులు."

"నంబరెట్ల ఏస్తారు సార్?"

"మా సాంకేతిక విభాగం పరిశీలనలో ఉంది."

సాంకేతిక విభాగం పరిశీలిస్తుండగా హుసేన్ పీరా బిందెడు ఉలవ నీళ్ళు తాగాడు. మూడో రోజు రాయి దానంతటదే పడిపోయింది. ప్రాచీన స్మారకాన్ని అజాగ్రత్త వల్ల పోగొట్టినందుకు ఆయనకు నోటీసు వచ్చింది. మిషను గోడకు అంటించుకున్నాడు, పోయి చూడండి.

ఇంతలో మండలి సంచాలకులు గారే తనిఖీకి వస్తున్నారని తెలిసింది. మా ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన వస్తే పిచ్చి వదులుతుందనుకున్నాం. అప్పటికి రాళ్ళమ్మ ఎత్తు రెండు వందల ముప్పై ఆరు. నంబర్లు వేయడానికి వచ్చిన పద్దెనిమిది మందికీ కాళ్ళున్నాయి, కాళ్ళకు నొప్పులున్నాయి. సంచాలకుల వెంట వచ్చిన వాళ్ళలో ఎంతమంది వేశారో నేను చెప్పను. మర్యాద కాదు.

చక్రపాణి గారు చేతులు కట్టుకుని నిలబడి, "క్షమించాలి సార్, ఎంత అరికట్టినా పెరుగుతోంది," అన్నారు.

సంచాలకులు గారు కళ్ళద్దాలు తీశారు. "ఏమన్నారు? పెరుగుతోందా? దేశంలో స్మారకాలన్నీ తరుగుతుంటే ఇదొక్కటి పెరుగుతోందా? చక్రపాణీ, ఇది లోపం కాదయ్యా, ఘనత! ఇది సజీవ స్మారకం!" అని చప్పట్లు కొట్టారు. వెంటనున్న వాళ్ళూ కొట్టారు. మద్దిలేటి ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు.

అక్కడికక్కడే లక్ష్యం నిర్ణయించారు. నెలకు అర మీటరు పెరగాలి. తగ్గితే కాపలాదారు సంజాయిషీ ఇవ్వాలి. పెరిగినందుకు మెమో తీసుకున్న మద్దిలేటి, పెరగకపోతే వచ్చే మెమో గురించి ఆలోచించి తల గోక్కున్నాడు.

"రాళ్ళు యాడివి సార్? ఉన్నవాటికంతా నంబర్లేసినారు గదా. ముట్టుకుంటే కేసంటాండారు."

"స్థానిక రాళ్ళు ముట్టరాదు. బయటి నుంచి తెప్పిస్తాం," అన్నారు సంచాలకులు గారు.

పక్క జిల్లా నుంచి టిప్పర్లలో కంకర వచ్చి కొండ కింద పడింది. పైకి మోయడానికి నలభై గాడిదల్ని మాట్లాడారు. మళ్ళీ బోర్డు అడ్డొచ్చింది. గాడిద పశువు, పశువులకు ప్రవేశం లేదు. మండలి ఒక్క పూటలో పరిష్కారం కనుక్కుంది. గాడిదల్ని 'నాలుగు కాళ్ళ సరుకు రవాణా వాహనములు' అని నమోదు చేసి, ఒక్కొక్క దాని చెవికి బిళ్ళ వేసింది.

గాడిదలు గేటులోంచి పోతుంటే ఓబులమ్మ చూసింది. పరుగున వచ్చింది.

"సార్, సార్, నా మేకల్ని గూడ వాహనాలని రాసుకోండి సార్. సెవులున్నాయి వాటికి గూడ."

చక్రపాణి గారు నిజంగానే పుస్తకం తీశారు. మనిషి చెడ్డవాడు కాదు. "వాహనమంటే ఏదైనా మోయాలమ్మా. మేక ఏం మోస్తుంది?"

"దప్పిక మోస్తాది సార్. పదకొండు కిలోమీటర్లు."

ఆ సరుకు ఆయన పట్టికలో లేదు. పుస్తకం మూసేశారు.

గాడిదలు మూడు నెలలు మోశాయి. పక్కన ఒదిగి ఉండే రాళ్ళమ్మ ముందు దారి మీదికి వచ్చింది, తర్వాత దారి దాటింది, తర్వాత అటు బండకూ ఇటు బండకూ ఆనుకుంది. ముళ్ళతీగ, గేటు, బోర్డు కంకర కింద పడిపోయాయి. మద్దిలేటి ఇప్పుడు లేని గేటుకు తాళం చెవి పట్టుకుని కూర్చుంటాడు. తాళం తీయమని బతిమాలడానికి కూడా మాకు ఏమీ మిగల్లేదు. కనుమ పూడిపోయింది.

ఆ తర్వాత సందర్శకుల కోసం ఊరి బయట రోడ్డు మీద పెద్ద స్వాగత ద్వారం కట్టారు. దానికి మనుషుల్ని లెక్కపెట్టే యంత్రం బిగించారు. ఎవరైనా కింద నుంచి పోతే 'టిక్' అంటుంది. నిజం సందర్శకులు కూడా వచ్చారు. పట్నం నుంచి ఒక కుటుంబం కారులో వచ్చి మద్దిలేటిని అడిగింది.

"ఇక్కడ ఏమేం చూడొచ్చండీ?"

"బురుజుండాది సార్, ఎక్కగూడదు. జింకల గవి ఉండాది, తలుపేసినారు. గంగదోన శానా బాగుంటాది, దోవ లేదు. రాళ్ళమ్మ అదో, ఈడ్నుంచే సూడల్ల."

"అది కంకర గుట్ట కదా?"

"అవును సార్. సజీవమైంది."

"మరి ఇంత దూరం ఎందుకు రావాలండీ?"

మద్దిలేటి ఆలోచించాడు. "వొచ్చినట్టు 'టిక్' అంటాది సార్," అన్నాడు.

పోయిన శుక్రవారం ఓబులమ్మ అర్జీ పట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయింది. అర్జీ నేనే రాశాను. వెంట నేనూ పోయాను. కంకర ఒక పక్కకు లాగించి, మేకలకు రెండు గజాల సందు ఇవ్వండి. అడిగింది అంతే.

చక్రపాణి గారి వెనక గోడకు పెద్ద పటం ఉంది. ఎర్రగీత ఒకటి కింద నుంచి ఎగబాకి పటం దాటి గోడ మీదికి పోయింది.

"పులిమడుగుపల్లె మా మండలికే తలమానికం అమ్మా," అన్నారు ఆయన. "పోయిన నెల మీ ఊరి సందర్శకులు మూడు వేల ఎనిమిది వందల నలభై తొమ్మిది మంది."

ఓబులమ్మ నోరు తెరిచింది. "ఎవురు నాయనా వాళ్ళు? దినామ్మూ నాలుగు తూర్లు నేను ఆ దోవనే పోతాండ. నాకొగరూ కనపడల్యా."

నేను వేళ్ళ మీద లెక్కేశాను. ముప్పై ఒక్క మేకలు, ఒక ఓబులమ్మ. రోజుకు నాలుగుసార్లు ద్వారం కింద నుంచి. ముప్పై రోజులు. మూడు వేల ఎనిమిది వందల నలభై. మిగిలింది తొమ్మిది. పట్నం కుటుంబం అయిదుగురు, దారి తప్పిన వాళ్ళు నలుగురు, అందరూ అటు నుంచి అటే పోయారు.

"సార్, అవి మేకలు," అన్నాను.

చక్రపాణి గారు లేచి గది తలుపు వేశారు. వచ్చి కూర్చుని, గొంతు బాగా తగ్గించి, "నాకు తెలుసు," అన్నారు. "యంత్రానికి తెలియదు. సంచాలకుల వారికి సంఖ్య మాత్రమే తెలుసు. ఇప్పుడు ఈ అమ్మకు కనుమలో దారి ఇచ్చామనుకోండి, మేకలు ద్వారం దగ్గరికి రావు. సందర్శకులు మూడు వేల ఎనిమిది వందల నుంచి తొమ్మిదికి పడతారు. సంజాయిషీ ఎవరివ్వాలి? నేనివ్వాలి. తొమ్మిది మంది కోసం ద్వారమెందుకు, మండలి ఎందుకు, నేనెందుకు అని అడుగుతారు."

"అడగనీ నాయనా," అంది ఓబులమ్మ. "నేను గూడ అదే అడుగుతాండ."

అర్జీ తిరస్కరించారు. జవాబు నిన్న పోస్టులో వచ్చింది. నేనే చదివి వినిపించాను: 'దర్శనీయ స్థలముల పట్ల మీ మందకు గల నిరంతర ఆసక్తిని మండలి మిక్కిలి అభినందించుచున్నది. ప్రజా ప్రయోజనము దృష్ట్యా కనుమ తెరచుట సాధ్యము కాదు. వీలైనచో మందను యాభైకి పెంచవలసినదిగా కోరడమైనది.'

ఓబులమ్మ కాగితం తీసుకుని వాసన చూసి, ముందున్న మేకకు పెట్టింది. ముద్ర ఉన్న మూల మాత్రం అది తినలేదు.

ఎలాగూ మీరు వినరు, చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇది వేడుకోలు కాదు. మాకు ఎనిమిది స్థలాలు వద్దు, ఏడు వద్దు, ద్వారం వద్దు, 'టిక్' వద్దు. మీ కంకర మీరు ఎత్తుకుపోవాలి. గాడిదలు చాలకపోతే సంచాలకులు గారు ఒక తట్ట, చక్రపాణి గారు ఒక తట్ట పట్టాలి. హుసేన్ పీరా మీద నోటీసు చించేయాలి, సుంకన్న తాత చెప్పులో రాయి మీ చేత్తో తీయాలి. మా ఊరిని మీ జాబితాలోంచి కొట్టేయాలి. ఒట్టిగా కొట్టేస్తే కుదరదు, రేపు ఇంకో అధికారి వచ్చి ఇంకో ఫారం తీస్తాడు. అందుకని, 'పులిమడుగుపల్లెలో చూడదగినది ఏదీ లేదు' అని మీ కాగితం మీద రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, గుండ్రం ముద్ర కొట్టి, సోమవారం పొద్దున్నకల్లా మా ఊరికి తెచ్చివ్వండి.

సోమవారం ఏడు గంటలకు ఊరంతా పారలు, తట్టలు పట్టుకుని కనుమ కింద ఉంటుంది. మీ కాగితం వస్తే ఓబులమ్మ మేకలు కనుమ దాటి నీళ్ళు తాగుతాయి. రాకపోయినా తాగుతాయి.